పందులకు షార్ట్ మాగ్నం కాదు, గురి చూసుకునే చోటు కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

అడవి పందుల బెడద గురించి మాట వచ్చినప్పుడల్లా ఈ మధ్య మా వైపు ఒక కోరిక బాగా వినబడుతోంది. అధికారులు కాల్చడానికి ఉత్తర్వులిచ్చినా మన పాత తుపాకులతో పని జరగదట, విదేశాల్లో వేటగాళ్లు వాడే షార్ట్ మాగ్నం (పొట్టిగా ఉండి ఎక్కువ వేగమిచ్చే తూటా) రైఫిళ్లు తెప్పించాలట. ఫోన్లలో వీడియోలు చూసి అడిగేవాళ్లే ఎక్కువ. ఆ తూటా మంచిదే. అయితే దాని మంచితనం ఎక్కడ అక్కరకొస్తుందో తెలుసుకోకుండా అడిగితే, అసలు అడగవలసినవి వెనకబడిపోతాయి. అందుకే ఈ ఉత్తరం.

షార్ట్ మాగ్నం తూటాల్లో పేరున్నది .300 విన్‌చెస్టర్ షార్ట్ మాగ్నం. 2001లో అమెరికాలో వచ్చింది. పాత .300 విన్‌చెస్టర్ మాగ్నం 1963 నాటిది. మందునూ గుండునూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టాన్ని కేసు అంటారు. పాతదాని కేసు పొడవు 2.62 అంగుళాలైతే కొత్తదాని కేసు 2.1 అంగుళాలే. పొట్టిది, లావైనది. 180 గ్రెయిన్ల తూకం ఉన్న గుండును రెండూ సెకనుకు ఇంచుమించు 2,950 అడుగుల వేగంతోనే పంపుతాయి. కొత్తదానికి మందు నూటికి ఎనిమిది, పది వంతులు తక్కువ పడుతుంది. తూటా మొత్తం పొడవు 2.86 అంగుళాలకు తగ్గడంతో .308 అనే మామూలు వేట తూటా కోసం చేసిన పొట్టి బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) రైఫిల్లోనే ఇమిడిపోతుంది. బోల్టు వెనక్కి లాగాల్సిన దూరం అర అంగుళం తగ్గుతుంది, రైఫిల్ కాస్త తేలికవుతుంది. రోజంతా కొండలెక్కి, లోయకు అవతల మూడు వందల గజాల దూరంలో నిలబడ్డ కణుజు మీద ఒక్క దెబ్బ కొట్టాల్సిన వాడికి ఈ రెండూ నిజమైన లాభాలే.

అమెరికాలో తూటాలు సొంతంగా నింపుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. అలా నింపుకునేవాళ్లకు దీనిలో ఇంకా పెద్ద లాభం ఉంది. పాత మాగ్నం కేసుకు అడుగున అంచు పైన ఇత్తడి పట్టీ ఒకటి ఉంటుంది. 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్ తూటా నుంచి వారసత్వంగా వచ్చిన పట్టీ అది. ఆ తూటాకు భుజం (కేసు మెడ వైపు సన్నబడే చోటు) బాగా ఏటవాలు కాబట్టి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో కేసు ఎక్కడ ఆగాలో చెప్పడానికి పట్టీ అవసరమైంది. భుజం నిక్కచ్చిగా ఉన్న కేసుకు దాని పని లేదు. పైగా చెరుపే. కేసు పట్టీ మీద ఆగినప్పుడు ముందు భుజం దగ్గర ఖాళీ మిగులుతుంది. పేల్చగానే ఇత్తడి సాగి ఆ ఖాళీని నింపుతుంది. నింపేవాడు డై (కేసును మళ్లీ పాత కొలతకు నొక్కే అచ్చు) లోపలికి కేసును పూర్తిగా దింపి భుజాన్ని మళ్లీ వెనక్కి నొక్కుతాడు, పేల్చినప్పుడు మళ్లీ సాగుతుంది. ఈ సాగుడంతా పట్టీకి కాస్త పైన ఒకే చోట పడి, గోడ అక్కడే పలచనవుతుంది. మూడు నాలుగు నింపుళ్లకే కేసు రెండుగా తెగినా ఆశ్చర్యం లేదు. తెగిన చోటు నుంచి వేడి వాయువు బోల్టు మీదుగా మొహం వైపు చిమ్ముతుంది. ముందే పట్టుకోవాలంటే బయట పట్టీ పైన మెరిసే సన్నని గీత కనబడుతోందా అని చూడాలి. పేపర్ క్లిప్పు కొన వంచి కేసు లోపలి గోడ వెంట పైకి లాగితే, పలచనైన చోట కొన గాడిలో పడ్డట్టు తగులుకుంటుంది. తగిలిందా, ఆ కేసు పారెయ్యాలి. షార్ట్ మాగ్నానికి పట్టీయే లేదు. 35 డిగ్రీల భుజం మీదే ఆగుతుంది. డైను సరిచేసి భుజాన్ని అంగుళంలో వెయ్యింట రెండు వంతులు మాత్రమే వెనక్కి నొక్కితే కేసు చాలాసార్లు పనికొస్తుంది.

పొట్టి లావు కేసులో మందు సమంగా అంటుకుంటుందనీ, గురి తప్పదనీ చెబుతారు. 1970ల మధ్యలో బెంచ్‌రెస్ట్ పోటీలకు (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చేవి) తయారైన పీపీసీ తూటా ఈ నమ్మకానికి పునాది. దాని రికార్డులు కాదనలేనివి. కానీ వాటి వెనక కొలిచి తీర్చిన బ్యారెల్, బరువైన రైఫిల్, గాలిని చదివే మనిషి ఉన్నారు. భుజాన వేసుకు తిరిగే వేట రైఫిల్లో కేసు లావు వల్లనే గురి పెరిగిందని మేము ఒప్పుకోం.

దీనికి కష్టాలూ ఉన్నాయి. లావు వల్ల మ్యాగజైన్‌లో మూడే పడతాయి. అడుగు అంచు ఒంటికన్నా సన్నం కాబట్టి, మ్యాగజైన్ సరిగ్గా కుదరని రైఫిల్లో బోల్టు అంచును అందుకోలేక తూటా మీదుగా జారిపోతుంది. పొడవాటి గుండు పెడితే అది కేసు లోపలికి దిగి మందు చోటు తినేస్తుంది. తేలిక రైఫిల్లో భుజానికి తగిలే తోపు గట్టిది. ఆ తోపుకు భయపడి ట్రిగ్గర్ లాగే క్షణంలో కళ్లు మూసేవాడికి ఏ వేగమూ సాయం చేయదు. బ్యారెల్ గొంతు (గది దాటగానే గుండు దూరే చోటు) కూడా .308లో కన్నా ముందే అరుగుతుంది. దీని తోబుట్టువుల్లో 7 మిల్లీమీటర్లది, .325, ఇంకా పొట్టివైన సూపర్ షార్ట్‌లు కొన్నేళ్లకే అంగళ్లలో పలచబడ్డాయి. నిలదొక్కుకున్నది .300 ఒక్కటే అనవచ్చు, .270 దాని వెనకే కుంటుతోంది.

ఇక మన చేల సంగతి. సిద్దవటం, బద్వేలు వైపు శనగకాయ, మొక్కజొన్న చేలల్లో పంది కనబడేది రాత్రిపూట, మంచె నుంచి నలభై, అరవై గజాల్లో. ఆ దూరంలో .30-06 అనే పాత రైఫిల్ తూటా గుండుకూ షార్ట్ మాగ్నం గుండుకూ గురిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు వందల గజాలకు సరిచేసిన రైఫిళ్లతో మూడు వందల గజాలకు కాల్చినా, గుండు దిగడంలో తేడా రెండు అంగుళాల చుట్టూనే. దగ్గర దూరంలో అతి వేగం ఎదురు తిరుగుతుంది కూడా. పలచని తొడుగున్న గుండు ముసలి పోతు భుజం మీది గట్టి తోలుకు, ఎముకకు తగిలి అక్కడే చిట్లిపోతే పంది గాయంతో పారిపోతుంది. గాయపడ్డ పంది పొద్దున కంపలోంచి గొర్రెల కాపరి మీదికి వస్తుంది. గుండు తప్పిపోతే నాలుగైదు కిలోమీటర్లు పోగలదు. బండ నేల మీద పడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. పక్క చేలో కాపలా పడుకున్నవాడు, బోరు దగ్గర మోటారు వేయడానికి వచ్చినవాడు ఆ దూరంలోనే ఉంటారు. మంచె మీద నుంచి కిందికి, వెనక మట్టి కట్ట ఉన్న వైపే కాల్చాలి. చప్పుడు విని కాల్చకూడదు. పంది వీపు మీది జూలు చూసి మోసపోయి చాలామంది ఎత్తుగా కొడతారు. దాని గుండెకాయ ఉండేది ఒంటి కింది మూడో వంతులో, ముంగాలి వెనక.

ఈ పనికి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వారి .315 రైఫిల్ చాలు, .30-06 ఉంటే ఇంకా మేలు. .315 గుండు బరువైనది, నెమ్మదైనది. మంచె దూరానికి అదే తగినది. 12 బోరు (రవ్వల తుపాకి) ముప్పై గజాల లోపలే నమ్మదగ్గది, చిన్న .22 రైఫిల్ పందికి అసలు వాడరాదు.

సొంతంగా తూటాలు నింపుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా అనేవాళ్లకు ఒక మాట. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం ఆయుధాల చట్టం 5వ సెక్షన్‌కు విరుద్ధం. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. చట్టం పక్కన పెట్టినా, బాణసంచా మందు, నాటు మందు పాత 12 బోరు తొడుగుల్లో కూరి కాల్చేవాళ్లు ఎడమ చెయ్యి పోగొట్టుకునేది తూకం తప్పడం వల్ల ఒక్కటే కాదు. ఒక్కో మందు మండే వేగం ఒక్కో రకం. చూపుకు ఒకేలా ఉన్న మందు ఒకే పరిమాణంలో పోసినా ఒత్తిడి ఎన్నో రెట్లు పెరగవచ్చు, ముందుగా పగిలేది చెయ్యి పట్టిన చోటే. ఫ్యాక్టరీ తూటానైనా మే నెల ఎండలో జీపు అద్దం కింద వదిలేస్తే ఒత్తిడి పెరుగుతుంది. పేల్చాక బోల్టు బిగుసుకున్నా, ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే చిన్న మూత) చదునుగా అణిగినా, కేసు అడుగున మెరిసే మచ్చ పడినా అక్కడితో ఆపాలి.

వన్యప్రాణి చట్టంలో పంది ఇప్పుడు రెండో షెడ్యూల్లో ఉంది. పంటకు ముప్పు అయినప్పుడు 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు చూపుతూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. చంపిన పంది ప్రభుత్వ ఆస్తి. 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌కో అధికారికో తెలియజేయాలి, మాంసం పంచుకోవడం నేరం. ఈ ఉత్తర్వులు త్వరగా రాక, కంచెకు కరెంటు పెట్టి మనుషులు చచ్చిపోతున్నారు. దానికి పరిష్కారం విదేశీ రైఫిల్‌లో లేదు. 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారులకు తుపాకుల దిగుమతే లేదు.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి మూడు. ఉత్తర్వు పొందినవాడు చేలో దిగకముందు, వెనక ఎత్తైన మట్టి కట్టతో యాభై, వంద గజాల గురి చూసుకునే చోటు జిల్లాలో ఒకటి ఏర్పాటు చేసి, అయిదు గుండ్లు అరచేయంత చోట పడితేనే పంపాలి. ఆ సాధనకు వాడిన తూటాలను లైసెన్సు మీద ఏటా ఇచ్చే సంఖ్యలో లెక్కకట్టకూడదు. డీలర్ దగ్గర ఏళ్ల తరబడి మగ్గిన సరుకును కాక, తయారీ సంవత్సరం పెట్టె మీద చూపి కొత్త .315, .30-06 తూటాలు అందించాలి. ఈ పంట నాటికే ఇది జరగాలి.

– లైసెన్సు రైఫిల్‌దారులు కొందరు,
బద్వేలు, కడప జిల్లా