చాపల బడి గురించి బావకి

ఏరా బావా,

నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేకపోయాను. కర్ణాటకలోని బాగేపల్లి బడిలో చెల్లెమ్మ పిల్లల్ని చాపల మీద గుంపులుగా కూర్చోబెట్టి కార్డులు చేతికిస్తుంటే నీకు చిర్రెత్తుకొచ్చిందా? "ఎక్కాలు అప్పజెప్పించకుండా ఇదేం చదువు" అన్నావట. కర్ణాటక సర్కారు బడుల్లో 'నలి-కలి' అనే ఆ కార్డుల చదువుకి పుట్టిల్లు మన మదనపల్లె పక్కనున్న రిషివ్యాలీ బడి అని తెలిస్తే కాస్త తగ్గుతావేమో.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారి ఆ బడి అంటే డబ్బున్నవాళ్ళ పిల్లలదని మనమెప్పుడూ అటు తొంగి చూడలేదు కదా. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడపడానికి పద్మనాభరావు, రమ దంపతులు ఈ పద్ధతి తయారుచేశారు. ఐవారు ఒక్కడు, తరగతులు ఐదు. అందుకని పాఠాలన్నీ విడగొట్టి కార్డులు చేశారు. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. పిల్ల తాను ఏ మెట్టు మీదుందో చూసుకుని, బొమ్మ గుర్తు పట్టి తన కార్డు తనే తెచ్చుకుంటుంది. కొందరు ఐవారి దగ్గర, కొందరు తోటిపిల్లల దగ్గర, కొందరు సొంతంగా నేర్చుకుంటారు. అమ్మానాన్నలతో చెనిక్కాయలు పెరకడానికి పోయి నెల తర్వాత వచ్చిన పిల్ల, ఆపిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెడుతుంది. మన బడుల్లో అయితే? ఈలోగా సిలబస్ నాలుగు పాఠాలు ముందుకు పోయుంటుంది. ఇక ఏడాదంతా బోర్డు వైపు బిత్తరచూపులే.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోట టీచర్లు ఈ పద్ధతిని తీసుకుని, తమ పాటలూ కథలతో కన్నడంలో కార్డులు రాసుకున్నారు, అదే నలి-కలి. 2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో మొదలుపెడితే, నాలుగేళ్ళకల్లా తమిళనాడంతా పాకింది. నా గుబులంతా ఇక్కడే. టీచర్లు కూర్చుని రాసుకున్న కార్డూ, ఉత్తర్వుతోపాటు పెట్టెలో దిగిన కార్డూ ఒకటవుతాయా? పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చొద్దని కృష్ణమూర్తి మొత్తుకున్నాడు. తనిఖీకొచ్చినవాళ్ళకేమో ఎంతమంది ఎన్ని మెట్లెక్కారన్న లెక్కే కావాలి.

చట్టాలదీ అదే వరస. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఫెయిల్ చేయొద్దంది, ఏడాది పొడవునా పిల్లల్ని గమనిస్తూ పోవాలంది. మంచి ఆలోచనే, కానీ మన దగ్గరికొచ్చేసరికి ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్షల మార్కుల రిజిస్టర్లు నింపడమే మిగిలింది. 2019లో సవరణ తెచ్చి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పి, మళ్ళీ రాసినా తప్పితే అదే తరగతిలో ఆపే వీలు రాష్ట్రాలకిచ్చారు. పాతది తీసెయ్యరు, కొత్తది ఆపరు. ఒకే కాడికి ఎద్దునీ దున్ననీ కట్టి, సాలు వంకర పోయిందని టీచర్ని తిడతారు.

నీ మాటలోనూ నిజముందిలే. ఎక్కాలు నోటికి రావాల్సిందే, కాకపోతే కార్డులున్నాయని వాటిని మానమన్నదెవరు? ఇంకోటి కూడా ఒప్పుకుంటా. "దాని వేగంలో అది పోతుందిలే" అని పిల్లని వదిలేసే బద్ధకపు ఐవారికి ఈ పద్ధతి భలే సాకు.

చెల్లెమ్మని ఒకటి అడిగి రాయి. మూడో తరగతి వరకు కార్డులతో చదివి, నాలుగులో ఒక్కసారిగా పుస్తకాల్లో పడ్డ పిల్లలు ఎలా నెగ్గుకొస్తున్నారు? నాకు తెలిసిన టీచరమ్మ ఒకావిడ అక్కడే తడబడుతున్నారంది. తన జవాబు వచ్చేదాకా నువ్వు ఆ చాపల జోలికి పోకు.

ఉంటాను,
నీ బావ