అలర్ట్ అమెరికాకి పోతే ఇక్కడ తలుపు తీసేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా కావలి వైపు పిలకాయలంతా బెంగుళూరు, చెన్నై, అమెరికా పోయి ముసలోళ్లే మిగిలిన ఇళ్లు వీధి వీధికీ ఉండాయి. ఆ పిలకాయలు సెలవులకి వచ్చినప్పుడు అమ్మ చేతికి స్మార్ట్ వాచీ, తలుపుకి సెన్సారు, హాల్లో కెమెరా పెట్టి పోతా ఉన్నారు. మంచిదే, నేను వద్దనను. మనిషి దబ్బున పడి మళ్ళీ కదలకపోతే వాచీలో కదలికని పసిగట్టే యాక్సిలరోమీటరు కనిపెట్టి ఫోనుకి మెసేజ్ కొడతది, జబ్బకి అంటించే షుగర్ సెన్సారుతో మాటిమాటికీ వేలు పొడుచుకునే బాధ చాలావరకు తప్పుతది.

కానీ మెసేజ్ పోయినాక ఏంది? మా మేనత్త తెల్లారుజామున బాత్రూంలో జారి పడింది. వాచీ ఏమో టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉంది. తలుపు సెన్సారు మాత్రం పనిచేసింది, బాత్రూం తలుపు ఎంతకీ తెరుచుకోలేదని డాలస్‌లో కొడుక్కి అలర్ట్ పోయింది, అక్కడ్నించి 108 కొడితే కలవదాయె, పక్కింటోళ్ల నంబరు లేదాయె, చివరికి నాకు చేశాడు, నేను ఉరుక్కుంటా పోతే వీధి తలుపుకి లోపల గడియ. వడ్రంగి వచ్చి ఊడబీకిందాకా ఆమె మూలుగు మాకు బయటికి వినపడతానే ఉంది. తుంటి ఎముక విరిగింది.

విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతే అర్ధరాత్రైనా నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ వేసే మనిషి గట్టు మీదే ఉంటాడు, మీటరు పెట్టేసి ఎవరూ ఇంటికి పోయి పడుకోరు. మరి అమ్మానాయనలకి?

బ్రిటన్‌లో టెలికేర్ అని ఉంది. మెడలో బటన్ నొక్కితే సెంటర్లో మనిషి పలుకుతాడు, ఇంటి తాళంచెవి ఉన్న చుట్టానికో పక్కింటోళ్లకో ఫోన్ చేస్తాడు, అవసరమైతే అంబులెన్సు పంపిస్తారు. మనకీ సచివాలయంలో ఏఎన్ఎం, ఊళ్లో ఆశా వర్కరు, 108, పెద్దోళ్ల హెల్ప్‌లైన్ 14567 అన్నీ ఉండాయి, ఒకదానితో ఒకటి కలిపేవాళ్లే లేరు. ఒంటరిగా ఉండే పెద్దోళ్ల పేర్లు, పక్కింటి నంబరు, రెండో తాళం ఎవరి దగ్గరుందో సచివాలయంలో రాసిపెట్టుకోవాలి, విదేశాల నుంచి చేసినా కలిసే మామూలు పదంకెల నంబరు ఒకటి పెట్టాలి. కరెంటు పోతే వైఫై పోతది, సెన్సార్ల మెసేజ్ బయటికి పోదు కాబట్టి రౌటర్‌ని ఇన్వర్టర్‌కి కలపమని కూడా చెప్పాలి.

పిలకాయలకి ఒక మాట, కెమెరా పెట్టే ముందు అమ్మనడగండి. మా మేనత్త దానిమీద టవల్ కప్పేది, ఆమె తప్పేం లేదు. కదలిక మాత్రమే చెప్పే మోషన్ సెన్సారుకి బొమ్మ తీసే పని లేదు, అది చాలు.

నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లు ముందు ఒక్కో మండలంలో అయినా ఈ పేర్ల జాబితా, ఫోన్ నంబరు మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా అడుగుతా ఉన్నా.

– ఒక పాఠకుడు, కావలి