రోటా చుక్కల గురించి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పోయిన జనవరిలో మా చెల్లి కొడుకుకి, తొమ్మిది నెలల వాడికి, వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకి కళ్లు గుంటలు పడ్డాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావడం లేదు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు. పసిపిల్లలకి ఇలాంటి విరేచనాలు ఎక్కువగా తెచ్చేది రోటా అనే వైరస్. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చారు గానీ లీటరు నీళ్లలో కలపాలని చెప్పలేదు. చెల్లి ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపేసింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక గానీ పిల్లాడు తేరుకోలేదు.

డాక్టరు టీకాల కార్డు అడిగారు. ఆరో వారం ఆ వైరస్‌కి వేసే రోటా టీకా చుక్కలు పడ్డాయి. పదో వారం, పద్నాలుగో వారం ఖాళీ. పుట్టింట్లో కాన్పు, తర్వాత అత్తారింటికి ప్రయాణం. పుట్టింటి ఊరి ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సమ్మ) లిస్టులో పేరుంది, పిల్లాడు లేడు. అత్తారింటి ఊళ్లో పిల్లాడున్నాడు, పేరు లేదు. మన దగ్గర చాలామంది తల్లులు చేసే ప్రయాణమే కదండీ ఇది!

ఈ చుక్కల్లో ఒకటైన రోటావాక్ టీకా హైదరాబాద్‌లోనే తయారవుతుంది. 2016లో దేశంలో మొదటగా ప్రభుత్వం రోటా టీకా ఉచితంగా వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చుక్కలు వేస్తే విరేచనాలు అసలు రావని కాదు, ప్రాణం మీదికొచ్చే ముప్పు బాగా తగ్గుతుంది.

దయచేసి ఊరు మారిన బాలింతల వివరాలు కొత్త ఊరి ఏఎన్ఎంకి ఫోన్‌లో అందేలా ఆదేశాలివ్వండి. ఆశా కార్యకర్తలు లీటరు సీసా పట్టుకుని ఓఆర్ఎస్ కలిపి చూపించాలి. విరేచనాలు ఆగినా జింక్ 14 రోజులు వేయాలని చెప్పాలి. ఈ చలికాలం లోపే మొదలుపెట్టండి. మా అంగన్‌వాడీలో పెడితే సీసాలు, కాచి చల్లార్చిన నీళ్లు నేనే తెస్తాను.

ఇట్లు,
ఆ పిల్లాడి పెద్దమ్మ