లూపస్ ఉన్న గర్భిణుల విషయమై ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాలపై దాడి చేసే లూపస్ జబ్బుతోనే బిడ్డను కన్న తల్లిగా ఈ లేఖ రాస్తున్నాను. ఏడో నెలలో, మూత్రంలో ముంచిన పసుపు ప్రొటీన్ పరీక్ష పట్టీ ముదురు ఆకుపచ్చకు తిరిగి, వేలి ఉంగరం సబ్బు రాసినా ఊడిరాని రోజున, అది గర్భం వల్ల వచ్చే ప్రీఎక్లాంప్సియానో, మూత్రపిండాల్లో లూపస్ తిరగబెట్టడమో తేలక రెండు రోజులు గడిచిపోయాయి. రెండింటిలోనూ రక్తపోటు పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతుంది. అయితే మొదటిదానికి అసలు పరిష్కారం కాన్పు, రెండోదానికి మందులు. రక్తంలోని సి3, సి4 అనే రక్షణ ప్రొటీన్లు తగ్గడం, సొంత డీఎన్‌ఏపై దాడి చేసే యాంటీబాడీలు పెరగడం లూపస్ వైపు వేలు చూపుతాయి కాబట్టి, ఆ పరీక్షల ఫలితాలు కాన్పుల వార్డుకు ఏ రోజుకారోజు అందే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

గర్భం అనగానే మందులన్నీ ఆపించే అలవాటు (మంచి మనసుతోనే అనుకోండి) మానాలి. కడుపులో బిడ్డకు హాని చేసే మైకోఫినోలేట్ అనే లూపస్ మందును గర్భానికి కనీసం 6 వారాల ముందే మాన్పించాలి గానీ, లూపస్‌ను అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కొనసాగించాలి. ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గేందుకు గర్భం 16 వారాలు నిండేలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలి. కడుపులో బిడ్డకు చేరగల యాంటీ-రో అనే యాంటీబాడీలున్న తల్లుల బిడ్డల్లో సుమారు 2 శాతం మందికి గుండె లయ దెబ్బతింటుంది కనుక, ఆ పరీక్ష గర్భానికి ముందే జరగాలి. జబ్బు 6 నెలలు అదుపులో ఉన్నాకే గర్భం మంచిదన్న మాట, నాకు చెప్పినట్టు ఐదో నెలలో కాక, పెళ్లినాటికే చెప్పించండి.

ఇట్లు,
ఒక తల్లి