పసిపిల్లల విరేచనాలపై ఒడిశాలోని గజపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారాలు.

వానలు పడగానే పర్లాకిమిడి చుట్టుపక్కల మా తెలుగు వీధుల్లో పసివాళ్లకు విరేచనాలు పట్టుకుంటాయి. అందరూ నీళ్లనే తిట్టుకుంటారు. నీళ్లొక్కటే కాదండీ. రక్తం, జిగట పడే విరేచనాలు తెచ్చే షిగెల్లా బ్యాక్టీరియా వందలోపు కడుపులోకి వెళ్లినా జబ్బు చేయగలదు. ఆ కొద్దిపాటి క్రిములు గోటి కిందే దాక్కుంటాయి, ఈగ కాళ్లకు అంటుకుని కంచంలోకి వస్తాయి. బిడ్డకు కడిగిన చేత్తోనే సబ్బు రాయకుండా అన్నం కలిపితే అంతే. చంటిపిల్లల మలం ఏం చేస్తుందిలే అని పెరట్లో పారేయడం మరీ ప్రమాదం. విరేచనాలు కట్టాక కూడా కొన్ని వారాలపాటు మలంలో ఆ క్రిములు పోతూనే ఉండొచ్చు.

2022లో పొరుగున రాయగడ జిల్లా కాశీపూర్‌లో కలరా ప్రాణాలు తీసింది. మనం అంతదాకా ఆగకూడదు.

ప్రతి అంగన్‌వాడీలో అన్నం పెట్టే చోటే కుళాయి, సబ్బు ఉండేలా చూడండి. మంచినీళ్ల కుండలో చేయి ముంచకుండా పొడుగు కాడ గరిటె ఇప్పించండి. ఆశా కార్యకర్తల దగ్గర ఓఆర్‌ఎస్, జింకు మాత్రలు ఎప్పుడూ నిండుకోకూడదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు వేయాలి; విరేచనాలు ఆగగానే మానేసే తల్లులకు ఆ సంగతి ఎవరైనా కూర్చుని చెప్పాలి. మలంలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని కూడా. ఇవన్నీ గోడల మీద ఒడియాతోపాటు తెలుగులోనూ రాయించండి, ఈ వానాకాలం లోపే.

ఇట్లు,
పర్లాకిమిడి తెలుగు తల్లి ఒకరు