ఆంప్లిఫయర్ బోర్డు మీద కొత్త పాయింటు వేసేటప్పుడు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పాత గిటారు ఆంప్లిఫయర్లకు ఇంట్లో చేసుకోదగ్గ మార్పుల గురించి రాశారు. ఫెండర్ ఛాంప్ 5ఎఫ్1 సర్క్యూట్‌లో మొదటి దశ వాల్వు (గాజు ట్యూబు) కేథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే కొస) దగ్గరున్న 1500 ఓమ్‌ల రెసిస్టర్‌కి సమాంతరంగా 25 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ వేస్తే ఆ దశ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) దాదాపు రెట్టింపవుతుందన్నది నిజమే. దాని కాళ్లను పాత టంకాల మీదే అంటించేయమన్నారు, అక్కడే పేచీ. టంకం కరెంటును కలుపుతుంది కానీ బరువు మోయదు. స్పీకరున్న పెట్టెలోనే బోర్డూ ఉంటుంది కాబట్టి వాయించినంతసేపూ అదురుతూనే ఉంటుంది. గాలిలో వేలాడే కెపాసిటర్ కాలు కొన్నాళ్లకు టంకం మొదట్లోనే విరుగుతుంది. పైగా ఒకే ఐలెట్‌ను (బోర్డు చిల్లులో బిగించే, కాళ్లు దూర్చి టంకం పెట్టే చిన్న లోహపు గొట్టం) మళ్లీ మళ్లీ కాలిస్తే అందులో ముందున్న కాళ్లు కూడా వదులవుతాయి. అందుకే రెండు కొత్త ఐలెట్లు వేసి, చిన్న తీగలతో పాత పాయింట్లకు కలపాలి.

మీ వ్యాసంలో రాని ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో (పవర్ సప్లయిని నిలకడగా ఉంచేవి) 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ రెండు కొసలకూ ఇన్సులేషన్ ఉన్న తీగలు, క్లిప్పులు తగిలించి, ఒకటి ముందు ఛాసిస్‌కి (లోహపు చట్రానికి), రెండోది ఒక్కో కెపాసిటర్ ప్లస్‌కి పెట్టి ఐదారు సెకన్లు ఉంచాలి. తర్వాత మీటరుతో చూసుకోవాలి. స్క్రూడ్రైవర్ పెట్టి టప్పున పేల్చడం మన మెకానిక్కులకు అలవాటే. దానివల్ల కెపాసిటర్ దెబ్బతింటుంది, ఒక్కోసారి చేతికీ తగులుతుంది.

ఇక డ్రిల్లింగ్. ఫెండర్ పాత బోర్డు మైనం పట్టించిన నల్ల ఫైబర్ అట్ట. దాని కింద ఇంకో అట్ట ఉంటుంది, ఐలెట్ల అడుగు ఛాసిస్‌కి తగలకుండా అడ్డంగా. ఈ రెండింటి మధ్య నుంచి తీగలు పోతుంటాయి. పైనుంచి చూస్తే కనబడవు. బోర్డును ఛాసిస్‌లో ఉంచే డ్రిల్ పెట్టినవాళ్లు ఆ తీగల్నే తెంపేస్తారు, లేదా కింది అట్టకూ చిల్లు పొడిచి షార్ట్ తెచ్చుకుంటారు. స్క్రూలు విప్పి బోర్డు పైకెత్తి, కింద చెక్క ముక్క పెట్టి, నెమ్మదిగా పై అట్ట ఒక్కదానికే చిల్లు వేయాలి. ఐలెట్ బిగుతుగా దిగేంత చిల్లు చాలు. వదులైతే వేడి తగలగానే తిరుగుతుంది. అడుగు అంచును సుత్తితో బాదితే ఫైబర్ చీలుతుంది, పంచ్ పెట్టి వైస్‌లో నొక్కి విప్పారేలా చేయాలి. చేత్తో తిప్పినా కదలకపోతేనే టంకం పెట్టండి.

ఎక్కడ వేస్తామన్నది కూడా చూసుకోవాలి. ఈ ఫైబర్ తేమ పీలుస్తుంది. మన కోస్తా ఊళ్లలో వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మీటరు నల్ల ప్రోబ్ ఛాసిస్‌కి క్లిప్ చేసి, ఎర్రది రెండు ఐలెట్ల మధ్య ఉత్త అట్ట మీద ఆనించండి. అక్కడ కొన్ని వోల్టులు చూపిస్తే బోర్డు లీకవుతున్నట్టే. అలాంటి బోర్డు మీద ప్లేట్ (వాల్వులో ఎక్కువ వోల్టేజీ ఉండే కొస) ఐలెట్ పక్కన గ్రిడ్ (సిగ్నల్ అందుకునే కొస) పాయింటు వేస్తే గరగర తప్పదు. గ్రిడ్ రెసిస్టర్‌ను నేరుగా వాల్వు సాకెట్ పిన్ను మీద పెట్టుకోవడమే మేలు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టినా లీకేజీ పోకపోతే 3 మిల్లీమీటర్ల గ్లాస్ ఎపాక్సీ బోర్డు చేసుకుని ఐలెట్లకు బదులు టరెట్లు (తీగ చుట్టి టంకం పెట్టే చిన్న లోహపు గుబ్బలు) బిగించాలి.

టంకానికి 50, 60 వాట్ల ఐరన్, వెడల్పు మొన కావాలి. 25 వాట్లది పెడితే టరెట్ లోహమే వేడంతా లాగేసుకుంటుంది. టంకం పైపైన ముద్దలా ఉంటుంది, లోపల పట్టదు. 60/40 (తగరం, సీసం పాళ్లు) టంకం తీగలోనే రోజిన్ ఉంటుంది కాబట్టి డబ్బాలో పేస్టు రాయకండి, మిగిలిన పేస్టు తేమ పట్టి ఇంకో లీకేజీ తెస్తుంది.

ప్రింటెడ్ బోర్డు ఆంప్లిఫయర్లలో అసలు చిల్లులే వద్దు, ట్రాక్ లేచిపోతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట ట్యాగ్ స్ట్రిప్ (టంకం పెట్టే ట్యాగులున్న పట్టీ) అడిగి తెచ్చుకుని, ఛాసిస్‌కి ఉన్న బోల్టు కిందే బిగించుకోవచ్చు. స్ట్రిప్ కాలుకి కలిసిన ట్యాగు ఎర్త్ అవుతుందని మర్చిపోకూడదు.

కెపాసిటర్ ప్లస్ కేథోడ్ వైపు, మైనస్ ఎర్త్ వైపు. అంతా అయ్యాక కేథోడ్ మీద 1 నుంచి 2 వోల్టులు రావాలి. సున్నా చూపించి శబ్దం కూడా వికారంగా ఉంటే, ఐలెట్ అడుగు ఛాసిస్‌కి తగులుతోందేమో ముందు అది చూడండి.

ఇట్లు,
వాల్వు ఆంప్లిఫయర్ల మెకానిక్, గుంటూరు