ఫ్యూజన్ చర్చా సంఘం: 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. కార్యవర్గం తరఫున ఈ ఏడాది పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. ఫ్యూజన్ అంటే సంలీనం, అంటే తేలిక పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తినివ్వడం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఏడాది హుషారుగా మొదలైంది. జనవరిలో చైనాలోని ఈస్ట్ టోకమాక్ (అయస్కాంతాలతో పట్టి ఉంచే ఉంగరం ఆకారపు యంత్రం) ప్లాస్మాను, అంటే విద్యుదావేశంతో ఉన్న అతివేడి వాయువును, 1,066 సెకన్లు నిలబెట్టింది. నెల తిరగకముందే ఫ్రాన్స్‌లోని వెస్ట్ 1,337 సెకన్లతో ఆ రికార్డు దాటేసింది. ఇక చూసుకోండి, "కరెంటు కష్టాలు తీరిపోయాయి" అని ఒకటే ఫార్వార్డులు. ఆ రెండు చోట్లా సంలీనంతో శక్తి పుట్టించలేదు, వేడి ప్లాస్మాను చెదరకుండా ఎంతసేపు పట్టి ఉంచగలమన్నదే పరీక్ష. ఈ సంగతి ఓపికగా చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న ఉపాధ్యక్షురాలికి ముందుగా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం బహిరంగ సభ గురించే. ఫ్యూజన్‌లో "లాభం" (పెట్టినదానికన్నా ఎక్కువ శక్తి రావడం) అంటున్నారే, దాన్ని ఏ మీటరు దగ్గర చూడాలి అన్నది అంశం. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మన సీనియర్ సభ్యులొకరు మెగాజౌళ్లన్నిటినీ యూనిట్లలోకి మార్చి గోడంత చార్టు రాసుకొచ్చారు. 2022 డిసెంబరు 5న అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతి ఇంధనపు గుండున్న చిన్న గొట్టాన్ని తాకితే 3.15 మెగాజౌళ్లు బయటికొచ్చాయి. ప్రపంచమంతా పండగ చేసుకుంది, చేసుకోవాల్సిందే. కానీ చార్టులో ఆ 3.15 పక్కన ఉన్నది ఒక్క యూనిట్ కూడా కాదు. ఆ లేజర్లను వెలిగించడానికి పట్టిన 300 మెగాజౌళ్ల పక్కన మాత్రం "83 యూనిట్లు" అని ఎర్ర ఇంకుతో ఉంది. 2025 ఏప్రిల్‌లో అక్కడే 8.6 మెగాజౌళ్లు వచ్చాయి, అంటే రెండున్నర యూనిట్లకు కాస్త తక్కువ. బ్రిటన్‌లోని జెట్ యంత్రం మూతపడే ముందు 2023లో అయిదు సెకన్లలో 69 మెగాజౌళ్లు ఇచ్చింది. అది 19 యూనిట్లు, కాలినది 0.2 మిల్లీగ్రాముల ఇంధనం. ఈ చివరి అంకె దగ్గర హాల్లో చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక ఆయన, "ఇదంతా వేడి లెక్క. అందులో కరెంటుగా మారేది సగం కూడా ఉండదు" అన్నారు. ఇన్నేళ్లలో మన వేదిక మీద ఇంత తేటగా మాట్లాడినవాళ్లు లేరని నా అభిప్రాయం.

ప్రశ్నల్లో అన్నిటికన్నా పదునైనది ఒక హైస్కూలు అమ్మాయి అడిగింది. సముద్రపు నీళ్లలో డ్యుటీరియం ఉంది సరే, ట్రిటియం ఎక్కడినుంచి తెస్తారు? (ఈ రెండూ ఫ్యూజన్ ఇంధనమయ్యే బరువైన హైడ్రోజన్ రకాలు.) వేదిక మీద ఉన్న మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ట్రిటియం 12.3 ఏళ్లకు సగమైపోతుంది, కాబట్టి దాచుకుందామన్నా నిలవదు. ఇప్పుడు దొరికేది ఎక్కువగా భారజలం (డ్యుటీరియం ఉన్న నీరు) వాడే అణు రియాక్టర్ల నుంచి వస్తున్నదే. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తి ఏడాది పొడవునా ఆగకుండా కావాలంటే 55 కిలోల ట్రిటియం కాలాలి. ప్రపంచంలో పౌర అవసరాలకున్న నిల్వ మొత్తం పదుల కిలోల్లోనే ఉంటుంది. అందుకే రియాక్టరు చుట్టూ లిథియం పేర్చి, సంలీనంలో పుట్టే న్యూట్రాన్లతో అక్కడికక్కడే ట్రిటియం తయారు చేసుకోవాలి. అలా తిన్నంత తిరిగి పండించుకునే రియాక్టరు ఇంతవరకు ఎక్కడా నడవలేదు. మన కరపత్రం మీద ఏళ్లుగా ఉన్న "సముద్రమంత ఇంధనం" నినాదాన్ని ఆ సభ తర్వాత కార్యవర్గం తీర్మానం చేసి తీసేసింది.

ముఖ్య అతిథిగా వస్తానని మాటిచ్చిన అధికారి రాలేదు. కబురైనా లేదు. ఆయన కోసం ముందు వరుసలో ఖాళీగా ఉంచిన కుర్చీలో చివరికి ఆ అమ్మాయే కూర్చుంది. కుర్చీలు సర్దుతామని పేర్లిచ్చిన వాలంటీర్లలో వచ్చినవాళ్లు తక్కువ, మర్నాడు ఫొటోలు అడిగినవాళ్లు ఎక్కువ.

ఫ్యూజన్ నిజంగా వస్తే ఏమవుతుందన్న చర్చ చాలా సమావేశాలు తీసుకుంది, ఇంకా తెగలేదు. ఇందులో ఒకటి మరొకదాన్ని రాజేసే గొలుసు చర్య లేదు కాబట్టి అదుపు తప్పే భయం లేదన్న దగ్గర అందరం ఒకటే. వ్యర్థాల దగ్గర చీలిపోయాం. 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకొచ్చే న్యూట్రాన్లు లోపలి గోడల ఉక్కును రేడియోధార్మికం చేస్తాయి. ఇప్పటి అణు రియాక్టర్ల విచ్ఛిత్తి (కేంద్రకాలను చీల్చడం) వ్యర్థాల్లా వేల ఏళ్లు వేధించకపోయినా, దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ఫ్యూజన్ యంత్రాలను అణు రియాక్టర్ల నిబంధనల కిందికి తేనక్కర్లేదని అమెరికా నియంత్రణ సంస్థ 2023లో తీసుకున్న నిర్ణయాన్ని సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది తొందరపాటన్నారు. "ఉచిత కరెంటు" వాదానికి మాత్రం నేను వ్యతిరేకిని. ఇంధనం చవకే కావచ్చు, ఆ ప్లాంటు కట్టిన అప్పు, వడ్డీ ఎవరు కడతారు?

గడువుల మాట వచ్చినప్పుడల్లా అధ్యక్షులవారు భారత అణు కార్యక్రమ పితామహుడు హోమీ భాభాను గుర్తు చేస్తారు. 1955 జెనీవా అణుశక్తి సదస్సులో భాభా, రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులో పెట్టే దారి దొరుకుతుందన్నారు. భారత్ కూడా భాగస్వామిగా ఉన్న అంతర్జాతీయ ఫ్యూజన్ ప్రాజెక్టు ఈటర్‌లో డ్యుటీరియం, ట్రిటియం కలిపి మండించేది ఇప్పటి ప్రణాళిక ప్రకారం 2039లో. అది కూడా కరెంటు తీయడానికి కాదు, 50 మెగావాట్లు పోసి 500 మెగావాట్ల వేడి రాబట్టడానికి.

యువ సభ్యులు ఫ్యూజర్ (ఎక్కువ వోల్టేజితో సంలీనం చేసే చిన్న యంత్రం) తయారు చేద్దామని పట్టుబట్టారు. అది నిజంగానే సంలీనం చేస్తుంది, ఇంట్లో చేసినవాళ్లూ ఉన్నారు. కానీ వేల వోల్టుల కరెంటు, ఎక్స్ కిరణాలు, పైగా అద్దె హాలు. కార్యవర్గం ఒప్పుకోలేదు. అలిగి మానేసినవాళ్లు తిరిగి రావాలని, కనీసం మెరుపులాడే గాజు గోళం, మన పాత ప్లాస్మా గ్లోబ్‌నైనా తెచ్చివ్వాలని మనవి.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంచారు, ఆడిట్ అయింది, లోటు కొద్దిగా ఉంది. చందా బకాయిలు వస్తే అదీ ఉండదు.

చార్టుకు ఫ్రేము కట్టించినవారికి, మైకు ఇచ్చినవారికి, హాలు యజమానికి, టీ చూసుకున్న ఇద్దరికి, ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి ధన్యవాదాలు. వచ్చే ఏడాది మొదటి అంశం స్టెల్లరేటర్లు, అంటే మెలితిరిగిన అయస్కాంతాలతో ప్లాస్మాను పట్టి ఉంచే యంత్రాలు. మాట్లాడతామని ముగ్గురు పేర్లిచ్చారు. ఆ ముగ్గురూ ఈ సమావేశానికి రాలేదు, కాబట్టి నాలుగో పేరు ఎవరైనా ఇప్పుడే ఇవ్వగలరు.

కార్యదర్శి